మేనల్లుడికి, లూయిస్‌విల్ లేక్ గురించి

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్లో నీ గోడు వింటుంటే నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. జూలైలో మనిద్దరం బాస్ చేపలు పట్టిన రాళ్ల గట్టు మీదే పొద్దున్న ఆరింటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని, ఒట్టి చేతులతో ఇంటికెళ్లావు. నీ తప్పేం లేదురా. చేపలు ఇల్లు మారాయి, నువ్వు పాత అడ్రస్‌కి వెళ్లావు.

ఎండలు తగ్గి చలి మొదలయ్యే ఈ కాలంలో, మన టెక్సస్ లూయిస్‌విల్ లేక్‌లో జరిగేదంతా షాడ్ అనే చిన్న చేప చుట్టూ తిరుగుతుంది. వెండిలా మెరుస్తుంది, వేలంత ఉంటుంది. ఎండాకాలమంతా నడి లేక్‌లో గుంపులు కట్టి తిరిగేది కాస్తా, నీళ్లు చల్లబడగానే వాగుల్లోకి ఎక్కుతుంది. హికరీ క్రీక్, లిటిల్ ఎల్మ్ క్రీక్ వైపు లోపలికి వెళ్లి చూడు. బాస్ వాటి వెనకాలే వస్తుంది. అందుకని ముందు బాస్ కోసం వెతక్కు, షాడ్ కోసం వెతుకు. నీటి మీద చినుకులు పడ్డట్టు చిన్న చిన్న అలలు లేస్తుంటే షాడ్ అక్కడుంది. మన నారాయణపక్షిని పోలిన పెద్ద నీలి కొంగ ఒకచోట కదలకుండా నిలబడిందంటే అది ఊరికే నిలబడలేదు. గాలి రోజంతా ఏ గట్టు వైపు కొడుతుందో కూడా చూసుకో. నాచూ నలుసూ అటు కొట్టుకుపోతాయి, వాటికోసం షాడ్ అటే పోతుంది. గాలి లేని గట్టు మీద కూర్చోవడం సుఖమే, చేప మాత్రం పడదు.

బాస్ వేటాడే తీరు మన కొరమీనుదే అనుకో. మొద్దు చాటునో, నాచు పక్కనో మాటు వేసి ఉంటుంది. ఎర దాని ముందు నుంచి పోవాలి. తెల్ల స్పిన్నర్‌బెయిట్ (గిర్రున తిరిగే రేకున్న ఉత్తుత్తి ఎర) చాలు, కాకపోతే అక్కడున్న షాడ్ సైజుకి దగ్గరగా ఉండాలి. పది విసుర్లకి ఏమీ తగలకపోతే చోటు మార్చు. ఓపిక మంచిదే, కానీ ఒకేచోట ఓపిక పట్టడం ఎండాకాలం పద్ధతి.

చలిగాలి వచ్చే ముందు రోజు, మబ్బు పట్టి ఉన్నప్పుడు సెలవు పెట్టి అయినా వెళ్లు. ఉత్తరపు గాలి వచ్చి వెళ్లిపోయి, ఆకాశం కడిగినట్టు నీలంగా ఉన్న రోజున బాస్ నీళ్లలో మునిగిన చెట్టు కొమ్మల్లో దూరి కూర్చుంటుంది. నవంబర్ వచ్చాక తెల్లవారుజామున లేచే పని కూడా లేదు. మధ్యాహ్నానికి నీళ్లు కాస్త వెచ్చబడతాయి, మూడింటికి వెళ్లినా చాలు.

పాపని తీసుకెళ్తే బాస్ మాట మర్చిపో. పిల్లలకి బ్లూగిల్ అనే చిన్న చేప కావాలి. ఎనిమిదో నంబర్ గాలం, వానపాము చిన్న ముక్క, బెండు. ముక్క పెద్దదైతే అది చివర కొరుక్కుని పోతుంది. వెన్ను మీద ముళ్లుంటాయి, తల వైపు నుంచి అరచేత్తో ముళ్లని అణిచి పట్టుకోవాలని పాపకి నేర్పు.

నాకు ఇష్టమైన చేప మాత్రం క్రాపీ. వంతెన స్తంభాల దగ్గర, మునిగిన కొమ్మల పక్కన, పది పదిహేను అడుగుల లోతులో ఉంటుంది. దాని కళ్లు పైకి చూస్తాయి, ఎర దానికంటే కొంచెం పైన వేలాడాలి. బెండు మునగకుండా పక్కకి పడుకుందంటే క్రాపీ ఎరని పైకెత్తిందన్నమాట, అప్పుడు మెల్లగా లాగు. దాని మూతి కాగితం లాంటిది, గట్టిగా గుంజితే చిరిగి ఊడిపోతుంది. ఈ ఒక్క సంగతి తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అన్నట్టు, నీ చేపలు పట్టే లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోయి ఉంటుంది, కొత్తది తీసుకున్నావా? పదిహేడేళ్లు నిండిన వాళ్లకి ఉండాలి. ఇంటికి తెచ్చుకోవాలంటే లార్జ్‌మౌత్ బాస్ అయితే కనీసం 14 అంగుళాలుండాలి, రోజుకి ఐదుకి మించకూడదు. క్రాపీ అయితే కనీసం 10 అంగుళాలు, రోజుకి ఇరవై ఐదు దాకా. కొలిచేటప్పుడు చేప నోరు మూసి, తోక రెక్కని దగ్గరికి నొక్కి కొలవాలి. ఒకసారి నేను కంటి లెక్కన పద్నాలుగు అనుకుని సంచిలో వేసుకుంటే, రూల్స్ చూసే వార్డెన్ టేపు పెట్టి పదమూడున్నర అని తేల్చాడు. జరిమానా కంటే పక్క గట్టు మీద వాళ్లు చూశారన్నదే నాకు ఎక్కువ బాధ. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వేసుకెళ్తే లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండు, ఉత్తరపు గాలికి అలలు ఊరికే లేస్తాయి. బయటికి తీశాక అందులో నీళ్లన్నీ అక్కడే ఒంపెయ్. జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు వేరే చెరువులకి పాకకూడదని ఆ రూలు పెట్టారు.

పెద్ద బాస్ పడితే ఫొటో తీసుకుని వదిలెయ్, కూరకి దానికంటే క్రాపీ రుచి. అత్తయ్య ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద వేయిస్తే ముల్లు తప్ప ఏమీ మిగలదు.

ఆదివారం రెండింటికి మా ఇంటికి రా, కలిసే వెళ్దాం. వానపాముల డబ్బా ఫ్రిజ్‌లో కింద అరలో, కొత్తిమీర వెనకాల పెట్టాను. అత్తయ్యకి చెప్పకు.

మీ మామయ్య