స్లీవ్ ఆపరేషన్ తర్వాత తూలుడు, మతిమరుపు: కోలుకునే అవకాశం ఎంత?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నా భార్య వయసు 37 ఏళ్లు. 14 నెలల క్రితం బరువు తగ్గడానికి, జీర్ణాశయంలో చాలా భాగం కోసి తీసే స్లీవ్ ఆపరేషన్ చేయించాం. రెండో నెలలో వాంతులు ఆగకపోతే ఇక్కడే మూడు రోజులు గ్లూకోజు ఎక్కించారు. తర్వాత వస్తువులు రెండుగా కనిపించడం, నిలబడలేకపోవడం మొదలైతే పెద్దాసుపత్రిలో చేర్చాం. బి1 విటమిన్ లోపంతో మెదడు దెబ్బతినే వెర్నికే వ్యాధి అన్నారు. ఇప్పుడు చూపు బాగుంది కానీ గోడ పట్టుకునే నడుస్తోంది, అరికాళ్లు మంటలంటోంది. మాత్ర వేసుకోకుండానే వేసుకున్నానని చెబుతోంది. అబద్ధాలు నేర్చిందని ఇంట్లో అంటున్నారు. పూర్తిగా కోలుకుంటుందా? ఆపరేషన్‌ను వెనక్కి మార్చవచ్చా?

జవాబు: ఆమె అబద్ధం చెప్పడం లేదని ముందు మీ ఇంట్లో వారికి చెప్పండి. వెర్నికే వ్యాధి తగ్గాక కొందరిలో కొత్త విషయాలు గుర్తుంచుకునే శక్తి దెబ్బతింటుంది. ఆ ఖాళీని మెదడు తనంతట తాను ఏదో ఒక జ్ఞాపకంతో పూరిస్తుంది. నిన్న వేసుకున్న మాత్ర ఈ రోజు వేసుకున్నట్టే ఆమెకు తోస్తుంది. నిలదీస్తే భయం పెరుగుతుందే తప్ప గుర్తు రాదు. వారం రోజులకు గదులున్న మాత్రల డబ్బా కొని, ప్రతి పూటా మీరే దగ్గరుండి వేయించండి.

బి1 మన శరీరంలో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. తిండి తగ్గి, వాంతులూ తోడైతే అది త్వరగా అడుగంటుతుంది. గ్లూకోజును శక్తిగా మార్చడానికి బి1 కావాలి కనుక, బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయి మెదడుకు దెబ్బ తగలవచ్చు. మీ భార్య విషయంలో అదే జరిగిందని ఉత్తరాన్ని బట్టి తేల్చలేను గానీ, ఇకముందు జరగకుండా చూసుకోవాలి. బియ్యం పాలిష్ పెరిగి తవుడు పోయిన చోట బెరిబెరి అనే నరాల, గుండె జబ్బు తెచ్చినదీ ఈ లోపమే. మీ వైపు ఒడియా ఇళ్లలో వండే ఉసునా, అంటే ఉప్పుడు బియ్యంలో, తవుడులోని బి1 కొంత గింజలోకి చేరి నిలుస్తుంది. ఆమెకు ఆ అన్నం మంచిదే, అయితే మాత్రలకు అది బదులు కాదు.

చూపు త్వరగా కుదుటపడుతుంది, నడకకు నెలలు పడుతుంది, జ్ఞాపకశక్తి అన్నిటికన్నా ఆలస్యం. కొందరిలో అది పూర్తిగా తిరిగి రాదు. దెబ్బతిన్న కాళ్ల నరాలు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతాయి కాబట్టి మోకాలి నుంచి పాదం దాకా చేరడానికే ఏడాదికి పైగా పట్టవచ్చు. ఇప్పుడే ఆశ వదులుకోవద్దు, ఫిజియోథెరపీ మానవద్దు.

అయితే ఇంతకాలమైనా తూలుడు తగ్గలేదంటే బి1 ఒక్కటే కారణమని అనుకోలేను. ముఖం కడుక్కుంటూ కళ్లు మూయగానే ఆమె ముందుకు తూలుతోందా అని గమనించండి. అలా ఉంటే బి12 విటమిన్ లేదా రాగి (కాపర్) లోపించి వెన్నుపాము దెబ్బతిన్నదేమో చూడాలి. ఆపరేషన్ తర్వాత జుట్టు రాలుతోందని జింక్ మాత్రలు ఎక్కువ కాలం వాడారా? ఎక్కువైన జింక్ రాగిని ఒంటబట్టనివ్వదు. నరాల బలానికని దుకాణంలో ఇచ్చే మాత్రలు రెండు మూడు రకాలు కలిపి వాడితే బి6 మోతాదు మించి అరికాళ్ల మంటలు పెరగవచ్చు. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని బరంపురంలో గాని విశాఖలో గాని న్యూరాలజిస్టును కలవండి. బి12, రాగి, ఫోలేట్, విటమిన్ ఇ పరీక్షలు, నరాల వేగ పరీక్ష, అవసరమైతే ఎమ్మారై గురించి అడగండి.

స్లీవ్‌లో కోసి తీసిన జీర్ణాశయ భాగాన్ని తిరిగి అతికించలేరు. విటమిన్ లోపాన్ని మందులతో సరిదిద్దవచ్చు. అవి జీవితాంతం వాడాలి.

పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే వేడినీళ్లు మీరే చేత్తో చూసి పోయండి, రాత్రి స్నానాలగది దాకా దీపం వేసి ఉంచండి, చెప్పులు లేకుండా నడవనివ్వకండి.

రెండు రోజులు వరుసగా వాంతులైతే మూడో రోజు కోసం ఆగవద్దు. “స్లీవ్ ఆపరేషన్ జరిగింది, వెర్నికే వచ్చింది, గ్లూకోజు కన్నా ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వండి” అని ఒడియాలోనూ తెలుగులోనూ ఒక చీటీ రాసి ఆధార్ కార్డుతో పాటు ఆమె పర్సులో పెట్టండి.