పాలపిట్ట తోక విరిగింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది డిగ్రీ కాలేజీ. జువాలజీ మ్యూజియంలో 1960ల నాటి స్టఫ్ చేసిన పక్షులు పదకొండు ఉన్నాయి. పాలపిట్ట తోక ఈక ఒకటి విరిగింది, ఒక రెక్క వేలాడుతోంది. కింద గోధుమరంగు పొట్టు రాలుతోంది. వచ్చే నెల కాలేజీల నాణ్యతను పరిశీలించే నాక్ టీమ్ వస్తోంది, టెన్షన్‌గా ఉంది. షాంపూతో కడిగి ఫెవిక్విక్ పెట్టొచ్చా?
- ఒక లెక్చరర్, నల్గొండ జిల్లా

జవాబు: కడగకండి మేడమ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక గుడ్లగూబను తడిగుడ్డతో తుడిచాను. మూడో రోజుకల్లా కాలి దగ్గర చర్మం బీటలు వారింది. ఎండిపోయిన పాత చర్మం తడి తగిలితే ఉబ్బుతుంది, మళ్లీ ఆరేటప్పుడు చీలుతుంది. ఆ చీలికను నేను పూడ్చలేకపోయాను.

అంతకంటే ముందు మీ చేతులు జాగ్రత్త. ఆ రోజుల్లో పురుగు పట్టకుండా చర్మం లోపల ఆర్సెనిక్ కలిపిన సబ్బు పూసేవాళ్లు. ఎన్నేళ్లయినా ఆ విషం పోదు. ఈకల మొదళ్లలో తెల్లపొడి కనిపించకపోయినా ఉందనే అనుకోండి. నైట్రైల్ గ్లౌజులు, ఎన్95 మాస్కు లేకుండా ముట్టుకోవద్దు, విద్యార్థులతో అసలు చేయించవద్దు.

ఆ పొట్టు చర్మం తినే పెంకుపురుగు పిల్లలు విడిచిన కుబుసం అయి ఉంటుంది. కలరా ఉండలతో లాభం లేదు. పక్షిని పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తిండి పెట్టే ఫ్రీజర్ మాత్రం వద్దు. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, విప్పితే ఈకలకు చెమ్మ పడుతుంది. ఆ తర్వాత మెత్తని బ్రష్‌తో, ఈక వాలిన వైపే, మెల్లగా దుమ్ము దులపండి.

ఇక తోక. విరిగిన ముక్క పారేయలేదు కదా? డేగలను పెంచేవాళ్లు విరిగిన ఈకను సన్నని పుల్లతో అతికేవారు. మీ డిపార్ట్‌మెంట్‌లో కీటకాలను గుచ్చే పిన్నులు ఉంటాయి. తల తుంచేసిన పిన్నును పక్షికి మిగిలిన ఈక కాడలోకి సగం దూర్చి, మిగతా సగం మీద విరిగిన ముక్కను ఎక్కించండి. అతుకు దగ్గర సూదిమొనంత ఫెవికాల్ చాలు. ఫెవిక్విక్ గట్టిపడి పెళుసవుతుంది, తర్వాత ఎవరైనా సరిచేయాలన్నా ఊడిరాదు. ఈక అంచులు చీలి ఉంటే వేళ్ల మధ్య మొదలు నుంచి కొసకు దువ్వండి, ఈక పోగులకుండే సన్నని కొక్కేలు మళ్లీ పట్టుకుంటాయి. అవి అలా పట్టుకున్న క్షణం నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నీలం వెలిసినట్టుందని రంగు మాత్రం వేయకండి. పాలపిట్ట నీలం పూత కాదు, ఈక లోపలి అల్లికకు వెలుగు తగిలి అలా కనిపిస్తుంది. పెయింట్ పడితే ఆ మెరుపు పోయినట్టే.

రెక్క జోలికి మీరు వెళ్లొద్దు. లోపలి తీగ తుప్పు పట్టి ఉంటుంది, లాగితే భుజం దగ్గర చర్మం చిరుగుతుంది. మెత్తటి నూలు టేపుతో ఒంటికి ఆనించి కట్టి, అనుభవం ఉన్న మ్యూజియం మనిషికి చూపించండి. బయటికి పంపాలంటే మాత్రం ముందు అటవీ శాఖ వాళ్లను అడగండి, ఈ పక్షులు 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి.

కాలికి కట్టిన పాత చీటీ ఉందా? సిరా వెలిసిపోయినా తీసేసి కొత్తది అతికించకండి. ఏ ఊళ్లో, ఏ రోజు దొరికిందో చెప్పేది అదొక్కటే. నాక్ వాళ్లకు మెరిసే తోక కంటే ముందు ఆ చీటీ చూపించండి.