సబ్‌మెరైన్‌లోకే వెళ్తానంటున్న కొడుకుని ఆపాలా?

"మావాడు నేవీలో చేరి సబ్‌మెరైన్‌లోకే వెళ్తానంటున్నాడు, అర్జెంటీనా సబ్‌మెరైన్ మునిగిపోయిన సంగతి చదివినప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు, వీణ్ణి ఎలా ఆపాలి" అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, మీ భయం ఉత్తిపుణ్యానికి వచ్చింది కాదు. శాన్ హువాన్ అనే ఆ సబ్‌మెరైన్‌లో 44 మంది ఉన్నారు. స్నార్కెల్ (పైనుంచి గాలి తీసుకునే గొట్టం) దారిన నీళ్లొచ్చి బ్యాటరీల దగ్గర షార్ట్ సర్క్యూట్ అయ్యి మంటలు మొదలయ్యాయని లోపల్నుంచి మెసేజ్ పంపారు, 2017 నవంబర్ 15 తర్వాత ఇంక మాట లేదు, ఇంట్లోవాళ్లు ఏడాది పాటు ఎదురుచూస్తే చివరికి 900 మీటర్ల లోతులో ముక్కలు దొరికాయి. ఇది మీవాడి దగ్గర దాచకండి, పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చదవండి.

దాంతో పాటు థ్రెషర్ గురించి కూడా చదవండి. 1963లో ఆ అమెరికా సబ్‌మెరైన్ 129 మందితో పోయింది, పైపు జాయింటు ఊడి నీళ్లొచ్చి ఉంటాయని ఎంక్వైరీలో అనుకున్నారు. ఆ దెబ్బతో సబ్‌సేఫ్ అని ఒక పద్ధతి పెట్టారు, నీటి ఒత్తిడి తగిలే ప్రతి జాయింటుకీ, ప్రతి వాల్వుకీ ఎవరు చేశారు ఎవరు చెక్ చేశారు అని కాగితం ఉండాల్సిందే. 1968లో స్కార్పియన్ 99 మందితో మునిగింది గానీ దానికి ఈ సబ్‌సేఫ్ సర్టిఫికెట్ లేదు, సర్టిఫికెట్ ఉన్నది ఒక్కటి కూడా ఇప్పటిదాకా పోలేదు. నాకైతే ఇదే పెద్ద విషయం అనిపిస్తుంది, అక్కడ ప్రాణాలు కాపాడేది ధైర్యం కంటే ఈ చెకింగే.

అందుకే మీవాడికి ధైర్యం ఉందా అని చూడకండి. పని చెప్తే అయిపోయింది అనేసి వదిలేస్తాడా, మళ్లీ వెళ్లి చూసుకుంటాడా, తప్పు చేస్తే తనే వచ్చి చెప్తాడా, అది చూడండి. సబ్‌మెరైన్‌లో వంట చేసేవాడైనా సరే డాల్ఫిన్ బ్యాడ్జి (సబ్‌మెరైన్‌లో పనికి అర్హుడని ఇచ్చే గుర్తు) రావాలంటే ఏ పైపు ఎటు పోతుందో, ఏ వాల్వు ఎక్కడుందో నేర్చుకోవాలి, కరెంటు పోయి చీకటైపోతే తడుముకుంటూ దాని మీద చెయ్యి వెయ్యగలగాలి. అంత ఓపిక ఉంటే మాత్రం ఆపకండమ్మా.

లేదు, సబ్‌మెరైన్లంటే ఇష్టమే గానీ లోపల నెలల తరబడి ఉండలేను అంటే నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడల డిజైన్) ఉంది, వెల్డింగ్ టెస్టింగ్ ఉంది, డైవింగ్ మెడిసిన్ (నీళ్లలోకి దిగేవాళ్లకి చేసే వైద్యం) ఉంది.

ఇవన్నీ తర్వాత, ముందు కళ్ల డాక్టరుకి చూపించి కలర్ విజన్ టెస్ట్ చేయించండి, అందులో తేడా వస్తే నేవీలో చాలా దారులు అక్కడే ఆగిపోతాయి.