డ్యాన్స్ పోల్ బిగిస్తున్నారా? ముందు కప్పు చూడండి

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మాది పటమటలో అద్దె ఫ్లాట్. వ్యాయామం కోసం డ్రిల్లింగ్ అక్కర్లేని డ్యాన్స్ పోల్ కొనాలనుకుంటున్నాను. హాల్లో పీఓపీ ఫాల్స్ సీలింగ్ ఉంది. దానికి ఆనించి బిగించవచ్చా? బిగించే పద్ధతి కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఫాల్స్ సీలింగ్‌కి వద్దే వద్దు. డ్రిల్లింగ్ లేని పోల్ నిలబడేది ఒత్తిడి మీదే. అడుగున ఉన్న స్క్రూ తిప్పేకొద్దీ పోల్ పొడుగవుతుంది, పైనున్న డోమ్ (రబ్బరు తొడిగిన గుండ్రటి పళ్లెం) కప్పును నెడుతుంది. కారు కింద జాకీ చేసే పని ఇదే. పీఓపీ అయినా జిప్సం అయినా శ్లాబు నుంచి సన్నటి రేకు చానళ్లతో వేలాడేదే కాబట్టి, కింద నుంచి నెడితే పైకి లేస్తుంది, లేదా పగులుతుంది. పగలకపోయినా ఒత్తిడి నిలవదు, మీరు పోల్ మీద ఉండగానే డోమ్ జారుతుంది. సొంత ఇల్లయితే ఆ చోట సీలింగ్ కోయించి శ్లాబుకే ఆనించమనేవాళ్లం. మీది అద్దె ఇల్లు కాబట్టి ఫాల్స్ సీలింగ్ లేని పడగ్గది చూసుకోండి. బాల్కనీ మాత్రం వద్దు. నీళ్లు పోవడానికి అక్కడ నేలకు వాలు ఇస్తారు, పైగా పక్కనే రెయిలింగ్.

గదిలో చోటు ఎంచడమే అసలు పని. పోల్ నుంచి నలుదిక్కులా 5 అడుగులు ఖాళీ ఉండాలి. పన్నెండు అడుగుల గదిలో అలా దొరికేది నడిమధ్య, దాని చుట్టూ ఓ అడుగు మేరే. అక్కడ ఫ్యాన్ ఉంటుంది. 48 అంగుళాల ఫ్యాన్ రెక్కలు మధ్య నుంచి 60 సెంటీమీటర్ల దాకా వస్తాయి. ఆపేస్తే చాలదు, తలకిందులైనప్పుడు కాళ్లు వెళ్లేది అక్కడికే. ఫ్యాన్ విప్పించి గోడ ఫ్యాన్ పెట్టుకోండి. డోమ్‌ను ఫ్యాన్ హుక్ బాక్స్ మీద కాకుండా ఓ అడుగు పక్కకు జరపండి, అంచు మొత్తం చదునుగా కప్పుకు ఆనాలి.

ఆ చోట కప్పును కర్రతో తట్టి చూడండి. టకటకమంటే మంచిదే. డొల్ల శబ్దం వస్తే ప్లాస్టరింగ్ శ్లాబును వదిలేసిందని అర్థం, డోమ్ నొక్కగానే పెచ్చులూడుతుంది. లీకేజీ మరకలు, ఉబ్బులు, తుప్పు చారలు కనిపిస్తే శ్లాబు లోపలి ఇనుప ఊచలు తుప్పుపట్టి ఉండవచ్చు. ఆ గది జోలికే పోకండి. నేల టైల్‌నూ ఇలాగే తట్టండి. కింద సిమెంటు నిండని టైల్ బరువు పడితే పగులుతుంది. బేస్ ఒకే టైల్ మధ్యలో ఉండాలి, రెండు టైల్స్ అతుకు మీద కాదు.

తర్వాత ఎత్తు. సరిగ్గా ఆ చోటే, నేల నుంచి శ్లాబు దాకా, మిల్లీమీటర్లలో కొలవండి. బిల్డర్ బ్రోచర్‌లోని పది అడుగులు పోల్‌కి పనికిరావు. చాలా సెట్లు అదనపు ముక్క లేకుండా 2,235 నుంచి 2,745 మి.మీ. దాకానే వస్తాయి. మీ గది 2,900 ఉంటే 250 మి.మీ. ఎక్స్‌టెన్షన్ సరిపోతుంది. రెండు చిన్న ముక్కలు కలపకండి, కావలసినంత పొడవున్నది ఒక్కటే కొని, చేతులు తగలని పై భాగంలో వేయండి.

ఇక బిగింపు. ఇద్దరు కావాలి. గొట్టాలను నేల మీదే కలిపి, జాయింట్ లోపలి స్క్రూలను అలెన్ కీతో గట్టిగా బిగించండి. ఇవి వదులైతే అతుకు దగ్గర కిర్రుమంటుంది, కొన్నాళ్లకు ఊగుతుంది. పోల్ లేపే ముందే, కప్పు మీద డోమ్ మధ్య వచ్చే చోటు నుంచి తూకం గుండు వేలాడదీసి, నేల మీద దాని ముల్లు తాకిన చోట గుర్తు పెట్టండి. పోల్ లేపాక ఒకరు పట్టుకోండి, ఆ గుర్తు మీదే బేస్ మధ్య వచ్చేలా పెట్టండి. బేస్‌ను ముందు చేత్తో, తర్వాత సెట్‌తో వచ్చిన కడ్డీతో తిప్పండి. కొంచెం బిగించి రసమట్టం పెట్టండి, ఒకసారి ముందు వైపు, ఒకసారి పక్క వైపు. నిలువు కుదిరాకే పూర్తిగా బిగించండి. స్క్రూ మీద గీసిన హద్దు దాటి మర బయటికి వస్తుంటే ఆగి, పోల్ దించి, లోపలి గొట్టం పొడవు పెంచి మళ్లీ మొదలుపెట్టండి. మర చివర్లో నిలిచిన పోల్ కన్నా ప్రమాదకరమైనది లేదు.

ఎంత బిగించాలి? నడుము ఎత్తున రెండు చేతులతో లాగినా నెట్టినా బేస్, డోమ్ కదలకూడదు. అక్కడితో ఆపండి. ఇంకా తిప్పితే భద్రత పెరగదు, ప్లాస్టరింగ్ మాత్రం నలుగుతుంది. పెయింటు, లప్పం, రబ్బరు అన్నీ నొక్కుకుపోతాయి కాబట్టి మర్నాడు కొంత వదులవుతుంది, మళ్లీ చూసుకోండి. ఆ తర్వాత కూడా ఎక్కే ప్రతిసారీ ముందు లాగి చూడాల్సిందే. దించాక కప్పు మీద గుండ్రటి మచ్చ మిగులుతుంది, ఓనరుగారికి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో రెండంగుళాల స్టీల్ పైపు కొని, పైనా కిందా ప్లేట్లు వెల్డింగ్ చేయిస్తే చవక కదా?
– భవానీపురం, విజయవాడ

జవాబు: చవకే. కానీ బజారులో దొరికే రెయిలింగ్ పైపు గోడ పలుచన, అది మనిషి ఆనుకోవడానికి చేసినది. మధ్యలో పట్టుకుని ఊగితే వంగుతుంది, ముందు విరిగేది వెల్డింగ్ పక్కనే. రెండంగుళాలంటే దాదాపు 51 మి.మీ., పోల్ డ్యాన్స్‌లో ఎక్కువగా వాడేది 45 మి.మీ. చిన్న చేతులకు ఆ తేడా చాలా తెలుస్తుంది. చదరపు ప్లేటు మూలలు టైల్‌నీ కప్పునీ గుచ్చుతాయి. ఆన్‌లైన్‌లో అలంకారానికని అమ్మే పలుచటి పోల్స్ సంగతీ అంతే.

ప్రశ్న: మాది పాత గుంటూరులో దూలాల మిద్దె. పోల్ పెట్టవచ్చా?
– గుంటూరు

జవాబు: ఒత్తిడితో నిలిచే పోల్ వద్దు. దూలాల మధ్య కప్పు ఇటుక, సున్నంతో కట్టినది. పై నుంచి పడే బరువు మోయడానికే గాని కింద నుంచి నెట్టించుకోవడానికి కాదు. పెంకుల, రేకుల ఇళ్లకూ ఇదే జవాబు. తన సొంత వేదిక మీద నిలిచే పోల్ (స్టేజ్ పోల్) ఉంటుంది, దానికి కప్పుతో పనిలేదు. కాకపోతే బరువు, చోటు ఎక్కువ తీసుకుంటుంది, నేల సమంగా లేకపోతే ఊగుతుంది.

ప్రశ్న: మే నెలలో చెమటకు పోల్ జారిపోతోంది. మల్లఖంబానికి ఆముదం రాస్తారట, రాయనా?
– మంగళగిరి

జవాబు: రాయకండి! మల్లఖంబం చెక్క, ఒంటికి మరీ గీరుకోకుండా దానికి ఆముదం. లోహానికి రాస్తే జారుడుబల్లే. క్రోమ్ పోల్ అయితే మొదలుపెట్టే ముందు సర్జికల్ స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి, మధ్యమధ్య పొడిగుడ్డతో. ఆ రోజు ఒంటికి కొబ్బరినూనె, లోషన్ వద్దు. చేతులకు లిక్విడ్ చాక్ (పట్టు కోసం రాసుకునే ద్రవ సుద్ద) వాడవచ్చు. కొత్తది కొనేవాళ్లకు మన ఉక్కపోతలో ఇత్తడి పోల్ క్రోమ్ కన్నా బాగా పట్టునిస్తుంది. నికెల్ పడని చర్మమైతే క్రోమ్‌కి దూరంగా ఉండండి. గాజులు, ఉంగరాలు, పట్టీలు, మెట్టెలు తీసేయండి, అవి గీసిన గీతలే తర్వాత చర్మాన్ని కోస్తాయి. కింద నాలుగంగుళాల క్రాష్ మ్యాట్ వేయండి. ఇంట్లో పరుపు మరీ మెత్తన, కాలు దిగబడి చీలమండ మెలిపడుతుంది.