ఒకే కీర్తన సాహిత్యం సైట్‌కో రకంగా ఉంటే దేన్ని నమ్మాలి?

అమెరికాలో మీ పాప కర్ణాటక సంగీతం నేర్చుకుంటోందని, ఒకే కీర్తనకు సాహిత్యం, అర్థం ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉన్నాయని, ఏది నమ్మాలని అడిగారు కదండీ. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఈ తలనొప్పి నాకూ ఉన్నదే. నేనైతే ముందు వాగ్గేయకారుడు, అంటే ఆ పాట కట్టినవారు, ఎవరో చూస్తాను. అందరి పాటల్నీ ఒకే గాటన కట్టలేం.

అన్నమయ్య సంగతి కాస్త తేలిక. తిరుమల రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం లేదు. మనం వినే వరసలు చాలావరకు రాళ్లపల్లి, నేదునూరి లాంటి పెద్దలు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. అందుకే ఒకే సంకీర్తన రెండు రాగాల్లో కనిపించినా కంగారు పడకండి. సాహిత్యం తేడాగా ఉంటే తితిదే సంపుటాలతో సరిచూసుకోండి.

త్యాగరాజస్వామి (1767–1847) దగ్గరికొచ్చేసరికి అంత సులువు కాదు. తిరువైయారులో ఆయన దగ్గర నేర్చుకున్న శిష్యుల నుంచి వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం అని పరంపరలు సాగాయి. ఒక్కొక్కరి పాఠం ఒక్కో తీరు. వాలాజాపేటవారి రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభలో ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి నెట్‌లో ఒక మాట వేరుగా కనిపించగానే టీచర్‌గారిది తప్పనకండి, ఆవిడ పాఠం ఏ పరంపరదో అడగండి.

పాఠాంతరం, అంటే పరంపరను బట్టి వచ్చే తేడా వేరు, అచ్చంగా తప్పు వేరు. ఈ కీర్తనల్ని తమిళ లిపిలోనూ రాసుకుంటారు, అందులో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. జాగ్రత్తగా రాసేవాళ్లు పక్కన అంకెలు వేస్తారు. అంకెల్లేని ప్రతిని చూసి ఎవరైనా ఇంగ్లీషు అక్షరాల్లోకి మారిస్తే గకారం కాస్తా కకారమైపోతుంది. పదాల విరుపు ఇంకో గొడవ. త్యాగరాజస్వామి ‘నగుమోము’ కీర్తన చరణంలో ‘గగనాని కిలకు’ అని విడగొట్టిన ప్రతులు చాలానే ఉన్నాయి. అక్కడున్నది ‘గగనానికి, ఇలకు’. ఆకాశానికీ భూమికీ చాలా దూరమని గరుత్మంతుడు అన్నాడా ఏమిటి అని రాముడితో త్యాగరాజస్వామి నిష్ఠూరం! కిలకు అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఏం చెప్తాం?

అర్థం పంక్తికి పంక్తిగా చదవొద్దు. ఇదే కీర్తనలో పల్లవి ‘శ్రీరఘువర నీ’ అని ఆగుతుంది. ఆ ‘నీ’ తిరిగి మొదటికెళ్లి ‘నగుమోము’ను పట్టుకోవాలి, అప్పుడే ‘నీ నగుమోము’ అవుతుంది. లైను లైనుకీ అనువాదం పెట్టినచోట అది గాల్లో వేలాడుతుంటుంది. ఎవరి అనువాదమైనా సరే, నేను ముందు ఇలాంటి అతుకులే చూస్తాను.

పాపకు ఇంగ్లీషు అక్షరాల ప్రతే ఇవ్వండి, తప్పులేదు. కాకపోతే దాన్ని తెలుగు లిపి ప్రతితో పోల్చి మీరే దిద్ది ఇవ్వండి. ముత్తుస్వామి దీక్షితార్ కృతులు మొదలుపెడితే 1904లో ఎట్టయపురంలో వచ్చిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ వెతకండి. అచ్చయిందే తెలుగు లిపిలో, స్వరంతో సహా. స్కాన్ ప్రతి నెట్‌లో దొరుకుతుంది.