తుప్పు పట్టిన పాత మారుతి 800కి ముందు సస్పెన్షన్ చేయించాలా, తుక్కుకి ఇచ్చేయాలా?

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: కాకినాడలో 2003 మోడల్ 800, గతుకుల్లో ముందు నుంచి టకటక శబ్దం, బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతోంది, కిందంతా తుప్పు. మెకానిక్ ఏమో "మొత్తం దించాలి సార్, ఆ ఖర్చు కంటే తుక్కుకి ఇచ్చేయడం నయం" అంటున్నాడు.

చేయించుకోవచ్చు. కాకపోతే స్పేర్లు కొనకముందే ఒక సంగతి తేల్చుకోండి. ఆర్మ్‌లు (చక్రాన్ని బాడీకి కలిపే ఇనుప చేతులు), బుష్‌లు (వాటి కీళ్లలో ఉండే రబ్బరు దిమ్మలు), స్ట్రట్‌లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు భాగాలు), బాల్ జాయింట్లు (ఆర్మ్ చివర చక్రం వైపు ఉండే గుండు కీళ్లు) ఈ బండికి ఇప్పటికీ దొరుకుతాయి, మిగతా కార్లతో పోలిస్తే చవక కూడా. 1983 నుంచి 2014 దాకా తయారైన బండి, స్పేర్లకి లోటు లేదు. అసలు ప్రశ్న వాటిని బిగించే రేకు సంగతి. బోల్టు పట్టే చోట ఇనుము గట్టిగా ఉంటే మీ మెకానిక్ చెప్పినంత పెద్ద పనేం కాదు. అక్కడే పొరలు పొరలుగా ఊడుతుంటే మాత్రం ఎంత ఒరిజినల్ స్పేరు వేసినా డబ్బు దండగ.

మాది విశాఖపట్నం, పెదవాల్తేరు వైపు, సముద్రం దగ్గరే. మా నాన్నగారి 800 ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బండి బయటే ఉంది, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక, ఆకులు, ఉప్పునీళ్లు ముందు మడ్‌గార్డుల లోపల ఇరుక్కుపోయాయి. పైకి కడిగించాం, పెయింట్ బాగానే ఉంది, ఇంకేం కాలేదనుకున్నారు ఇంట్లో అందరూ. ఆ మట్టి మాత్రం లోపలే ఉండి వాన పడ్డప్పుడల్లా తడుస్తూ కూర్చుంది. కొన్నేళ్ల తర్వాత సరిగ్గా మీరు చెప్పిన శబ్దాలే మొదలయ్యాయి. కాకినాడది కూడా అదే ఉప్పుగాలి కాబట్టి మీ బండి ఎలా ఉంటుందో ఊహించగలను. హైదరాబాద్‌లో తిరిగిన అదే వయసు బండి కింద చూస్తే అసూయ పుడుతుంది.

ముందు మీరే చూసుకోగలిగినవి చెబుతాను. బానెట్ తీసి, స్ట్రట్ పైభాగం బాడీకి బిగిసి ఉండే చోటు (దాన్నే స్ట్రట్ టవర్ అంటారు) చూడండి, రెండు వైపులా. నట్ల చుట్టూ రేకు ఉబ్బిందా, సీలర్ పగిలి గోధుమరంగు నీటిచార కనిపిస్తోందా చూడండి. తర్వాత మడ్‌గార్డ్ లోపలి నుంచి అదే చోటు, ఆపైన లోయర్ ఆర్మ్ లోపలి చివర బాడీకి కలిసే చోటు, రేడియేటర్ కింద అడ్డంగా ఉండే మెంబర్, స్టెబిలైజర్ రాడ్‌ను పట్టి ఉంచే క్లాంపుల దగ్గర. పాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి, చిన్న సుత్తితో కొట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన ఇనుము బొదబొదమంటుంది, స్క్రూడ్రైవర్ దిగిపోతుంది. కింద నల్లగా అండర్‌బాడీ కోటింగ్ కొట్టించి ఉంటే చూసి మురిసిపోకండి, తుప్పు మీద కొట్టిన కోటింగ్ తడిని లోపలే బంధిస్తుంది. మా బండికి ఎడమవైపు అలాగే అయింది, పైకి నున్నగా ఉంది, గీకితే అట్టలా లేచింది.

ఇక శబ్దాల విషయం. 800లో ముందు వైపు మెక్‌ఫర్సన్ స్ట్రట్, కింద ఒకే ఒక్క సన్న ఆర్మ్. ఆ ఆర్మ్ చక్రాన్ని అటూ ఇటూ పోకుండా పడుతుంది గానీ ముందుకీ వెనక్కీ పోకుండా పట్టేది స్టెబిలైజర్ రాడ్డే. చాలా కార్లలో ఆ రాడ్ మలుపుల్లో బండి వాలిపోకుండా చూడటానికే ఉంటుంది, దాని బుష్‌లు పోతే కాస్త చప్పుడు వస్తుందంతే. ఇందులో అది రెండు పనులు చేస్తుంది కాబట్టి ఆర్మ్‌లోకి దూరే చివర బుష్ అరిగితే బ్రేకు వేసిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది, టక్ మంటుంది, ఒకవైపే ఎక్కువ అరిగి ఉంటే బండి ఆ పక్కకి లాగుతుంది. మీ లక్షణాలు విన్నాక నాకు మొదటి అనుమానం దాని మీదే. రెండోది బ్రేకు మీద: ఒకవైపు క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిస్టన్ గానీ పిన్నులు గానీ తుప్పుతో పట్టేసినా బండి పక్కకి లాగుతుంది. ఆర్మ్‌ల దాకా వెళ్లే ముందు అది చూడమనండి, ఖర్చు తక్కువ.

నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే కిర్రుమనో టంగుమనో అంటే స్ట్రట్ పైన మౌంటు, బేరింగ్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటున్నప్పుడు టకటకటక అని వరసగా వస్తే అది యాక్సిల్ జాయింట్, సస్పెన్షన్ కాదు, రెండిటినీ కలిపి బిల్లు వేసేవాళ్లు ఉన్నారు. చక్రం గాల్లోకి లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందంటే బాల్ జాయింట్ కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. ఒకరిని బ్రేకు తొక్కి పట్టమనండి, ఆట తగ్గితే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే ఆడుతోందంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే రాడ్ చివరి కీలు) గానీ స్టీరింగ్ ర్యాక్ గానీ. బాల్ జాయింట్ ఆట కనిపిస్తే మాత్రం ఊరి బయటికి తీసుకెళ్లకండి, అది ఊడితే చక్రం పక్కకి మడిచిపెట్టుకుపోతుంది.

పని దగ్గరికి వస్తే, తుప్పు పట్టిన బండిలో కొత్తది బిగించడం తేలిక, పాతది విప్పడమే గగనం. ముందురోజు సాయంత్రమే బోల్టులన్నీ వైర్ బ్రష్‌తో రుద్ది డబ్ల్యూడీ-40 (తుప్పు వదులు చేసే స్ప్రే) కొట్టి వదిలేయాలి. మా గాజువాక ఆటోనగర్ మెకానిక్ డీజిల్‌లో ఇంజిన్ ఆయిల్ కలిపి పోశాడు, అదీ పనిచేసింది. విప్పేటప్పుడు ఒకేసారి బలం పెట్టకూడదు, కాస్త విప్పి కాస్త బిగించి మళ్లీ విప్పాలి. ఎయిర్ గన్ పెట్టి లాగించేస్తే బోల్టు తల ఊడి చేతికొస్తుంది.

అన్నిటికన్నా మొండిది లోయర్ ఆర్మ్ లోపలి బోల్టు. అది బుష్ మధ్యలో ఉండే ఇనుప గొట్టంలోంచి వెళుతుంది, ఏళ్ల తరబడి తుప్పుతో బోల్టూ గొట్టమూ ఒకటైపోతాయి. నట్టు వచ్చేస్తుంది, బోల్టు తిరుగుతుంది, కానీ దాంతోపాటు గొట్టం కూడా తిరుగుతుంది, బయటికి మాత్రం రాదు. గంటలకొద్దీ సుత్తితో కొట్టించుకోకండి, ఆ దెబ్బలకి బ్రాకెట్ వంగుతుంది. గొట్టానికీ బ్రాకెట్‌కీ మధ్య సందులో హ్యాక్సా బ్లేడు పెట్టి రెండు వైపులా కోసేయడమే మార్గం. ఆర్మ్ ఎలాగూ మారుస్తున్నారు, బోల్టు కొత్తది వస్తుంది, కోస్తే పోయేదేం లేదు. నకిల్‌లో (చక్రం బిగిసి ఉండే ఇనుప దిమ్మలో) బాల్ జాయింట్‌ని పట్టి ఉంచే బోల్టూ ఇదే బాపతు. దానికి గ్యాస్ మంట పెడతానంటే కొంచెం ఆలోచించండి, పక్కనే వీల్ బేరింగ్, దాని గ్రీజు, రబ్బరు బూట్లు, బ్రేకు హోస్ ఉన్నాయి. టై రాడ్ ఎండ్‌కి మాత్రం సుత్తే మందు, నట్టు వదులు చేసి, అది దూరిన కన్ను పక్క భాగం మీద గట్టిగా రెండు దెబ్బలు వేస్తే ఊడుతుంది. మర మీద కొడితే మర పాడవడం తప్ప ఊడదు.

స్ట్రట్‌ల గురించి గట్టిగా చెబుతున్నాను: స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా పైనున్న నడిమి నట్టు విప్పనివ్వకండి. తాడు కట్టీ, ఇనుప తీగ చుట్టీ విప్పేవాళ్లని చూశాను. ఆ స్ప్రింగ్ జారితే మనిషి దవడ పగులుతుంది. మీరే ఇంట్లో చేస్తానంటే బండిని జాకీ మీదే వదిలేసి కిందకి దూరొద్దు, ఇటుకలు పేర్చడం అసలే వద్దు, జాక్ స్టాండ్లు కొనుక్కోండి. పాత షాకుల్లో ఆయిల్ నింపి "రీకండిషన్" చేసి ఇస్తామంటారు. కొన్నాళ్లు బాగానే ఉండి మళ్లీ కారుతాయి, ఎలాగూ విప్పారు కాబట్టి కొత్తవి వేయండి, రెండు వైపులా ఒకేసారి. రబ్బరు బుష్‌ల విషయంలో డబ్బు చూసుకోకండి. ఒక షాపులో ఒరిజినల్ డబ్బాలో పెట్టి ఇచ్చిన బుష్ గోటితో గిల్లితే ఊడొచ్చింది, తిరిగిచ్చేస్తే నానా మాటలన్నాడు.

బిగించేటప్పుడు చాలామంది మెకానిక్‌లు పట్టించుకోనిది ఒకటుంది. ఆర్మ్ బుష్ బోల్టులు చక్రం గాల్లో వేలాడుతుండగా ఫుల్ టైట్ చేసేస్తారు. బుష్‌లో రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడిపోతుంది, బండి కిందకి దించగానే మెలితిరుగుతుంది, ఇక రోజూ ఆ మెలికలోనే ఉండి తొందరగా చిరిగిపోతుంది. చేత్తో బిగించి, బండిని చక్రాల మీదకి దించి, ఆ బరువు పడ్డాకే ఫైనల్ టైట్ చేయాలి. ర్యాంప్ ఉన్న షాపు అయితే సులువు. మా మెకానిక్‌తో దీని గురించి వాదన కూడా అయింది, "ఇన్నేళ్లుగా చేస్తున్నాం" అన్నాడు, చివరికి నా మాట విన్నాడనుకోండి. బోల్టుల ఒంటికి కాస్త కాపర్ గ్రీజు పూయించండి, మళ్లీ విప్పాల్సి వస్తే హ్యాక్సా అవసరం రాదు.

రేకు పోయిన చోట వెల్డింగ్ కావాలంటే మెకానిక్‌ని కాదు, మంచి టింకరింగ్ పనివాణ్ణి చూసుకోండి. సీఓటూ వెల్డింగ్ ఉండాలి. కుళ్లిన రేకంతా మంచి ఇనుము వచ్చేదాకా కోసి, అదే మందం రేకు పెట్టి అతకాలి, పాత తుప్పు మీద ముక్క పెట్టి నాలుగు చుక్కలు వేస్తే అది స్ట్రట్ బరువు మోయదు. బ్యాటరీ వైర్లు తీసేయాలి, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్‌తో పెట్రోలు అందే) బండి అయితే తప్పనిసరి. దగ్గర్లో పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఎక్కడున్నాయో ముందే చూసుకోవాలి. అన్నట్టు ఆ బ్రేకు ఇనుప పైపులు కూడా అదే తుప్పులో ఉంటాయి, చక్రాలు విప్పినప్పుడే చూసేయండి. వెల్డింగ్ అయ్యాక రెడ్ ఆక్సైడ్, దాని మీద పెయింట్, లోపల డొల్లగా ఉండే చోట్ల మైనం లాంటి స్ప్రే కొట్టించండి. మా బావమరిది మిషిగన్‌లో ఉంటాడు, చలికాలం అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఏటా శీతాకాలానికి ముందే కారు కింద ఇలాంటిది కొట్టిస్తాడట. మనకు చల్లేవాళ్లు లేకపోయినా సముద్రం ఉంది.

అంతా అయ్యాక అలైన్‌మెంట్ తప్పదు. ఇందులో ముందు చక్రాలకి సరిచేయగలిగేది టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) ఒక్కటే. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలి ఉండే కోణం) తేడా చూపిస్తోందని మెషిన్ దగ్గరివాడు అంటే ఏదో వంగింది, లేదా స్ట్రట్ టవర్ కదిలింది, రాడ్‌తో వంచి "సెట్" చేయనివ్వకండి.

తుక్కుకి ఎప్పుడు ఇవ్వాలంటే, రెండు వైపులా టవర్లూ పోయి, ఆర్మ్ బ్రాకెట్ల దగ్గరా పోతే ఇచ్చేయండి, నేనైనా అదే చేస్తాను. ఒకవైపు టవరో, ఒక బ్రాకెట్టో అయితే చేయించుకోవచ్చు. 15 ఏళ్లు దాటింది కాబట్టి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి, ఆ గడువు దగ్గరపడి ఉంటే ఈ పని దానికి ముందే పెట్టుకోండి, బండిని చూశాకే ఫిట్ అని రాస్తారు.

రెండు టవర్లకి పైనుంచీ కిందనుంచీ, ఆర్మ్ లోపలి చివరలకి ఫొటోలు తీసి పెట్టండి, గీకిన తర్వాత తీసినవి. కోటింగ్ మీద తీసిన ఫొటోతో ఏమీ తెలియదు.