రె: మిషిగన్‌లో చలికాలంలో గడ్డకట్టకుండా బోటు వాటర్ సిస్టమ్, ట్యాంక్ ఖాళీ చేస్తే సరిపోతుందా?

సరిపోదు బ్రో. ట్యాంక్ ఖాళీ అయినా పంపులో, హీటర్‌లో, పైపుల వంపుల్లో నీళ్ళు ఉండిపోతాయి, గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, పోయినేడాది మీ ట్యాప్ పగిలిందన్నారే అది దీనివల్లే అయ్యుంటుంది.

ముందు వాటర్ హీటర్ బ్రేకర్ ఆఫ్ చేయండి, నీళ్ళు లేకుండా ఆన్‌లో ఉంటే ఎలిమెంట్ మాడిపోద్ది. తర్వాత హీటర్ డ్రెయిన్ చేసి బైపాస్ (హీటర్‌లోకి పోకుండా పక్కనుంచి దారి) పెట్టండి, లేదంటే 6 గాలన్ల హీటర్ నింపడానికే 6 గాలన్ల యాంటీఫ్రీజ్ (పైపులు గడ్డకట్టి పగలకుండా నింపే ద్రవం) పోతుంది, డబ్బు దండగ. ఫిల్టర్ కార్ట్రిడ్జ్ కూడా తీసేయండి.

యాంటీఫ్రీజ్ మాత్రం పింక్ రంగుది, ప్రొపిలీన్ గ్లైకాల్ అని లేబుల్ మీద చూసి కొనండి. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తాగే నీళ్ళ లైన్‌లోకి అస్సలు రానివ్వద్దు. పంపు ఇన్‌లెట్ పైపు ఊడదీసి డైరెక్ట్‌గా ఆ పింక్ యాంటీఫ్రీజ్ డబ్బాలో పెట్టి పంపు ఆన్ చేసి, దూరంగా ఉన్న ట్యాప్ నుంచి మొదలెట్టి వేడిది చల్లది రెండూ ఒక్కోటి చిక్కటి పింక్ వచ్చేదాకా వదలండి, లేత గులాబీ వస్తే ఇంకా నీళ్ళు కలుస్తున్నట్టే, ఆపొద్దు. డబ్బా మీద మైనస్ 50 (ఫారెన్‌హీట్) అని ఉన్నా అది నీళ్ళు కలవనప్పటి మాట.

వెనక డెక్ షవర్ చాలామంది మర్చిపోతారు, టాయిలెట్, షవర్ సంప్ (షవర్ నీళ్ళు చేరే డబ్బా) కూడా చూసుకోండి. పంపు ముందుండే స్ట్రెయినర్ (చెత్త ఆపే జల్లెడ) ప్లాస్టిక్ గిన్నె విప్పి చూస్తే అడుగున పింక్ కనపడాలి.